లేడని రాసిన మనిషి

వీసా కోసం కాచుకున్నవాళ్లను మొహం చూసి చెప్పేస్తాను. హిందూపురంలో మా వీధి మలుపులో ఒక ఇంటర్నెట్ షాపు పెట్టారు. పొద్దున్నే ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్లు అక్కడికొచ్చి, తమ కాగితం ఎక్కడిదాకా వచ్చిందో తెర మీద చూసుకొని, మొహాలు వేలాడేసుకొని బయటికి వస్తారు. నడిచేది మా వీధిలోనే, మనసు మాత్రం ఇంకెక్కడో ఉంటుంది. ఎదురుగా ఎద్దు వచ్చినా పక్కకు జరగరు. "ఇంకా రాలేదా నాయనా?" అని అడిగితే, "ప్రాసెస్‌లో ఉంది తాతా" అంటారు. ఆ ప్రాసెస్ అంటే ఏమిటో వాళ్లకు తెలియదు. నాకు తెలుసు. ఒకప్పుడు ఆరు నెలలపాటు ఆ ప్రాసెస్ నేనే.

నేను పోలీసు శాఖలో కానిస్టేబుల్‌గా చేరి హెడ్ కానిస్టేబుల్‌గా దిగిపోయిన మనిషిని. ఇంకో మెట్టు ఎక్కాల్సింది, ఎక్కలేదు. దానికి ఎవరినీ తప్పు పట్టను. అరవైల మొదట్లో నేను పెనుకొండలో ఉన్నాను. అప్పట్లో మా పనులు మూడే: సారా బట్టీలు పగలగొట్టడం, పోయిన మేకలను వెతకడం, పెద్దవాళ్లు కారులో దాటిపోయేటప్పుడు రోడ్డు పక్కన కట్టెల్లాగ నిలబడటం. అందుకని ఒకనాడు జిల్లా ఆఫీసు నుంచి పాస్‌పోర్టు విచారణ అంటూ కాగితం వస్తే స్టేషనంతా దాని చుట్టూ చేరింది. అలాంటిది మాలో ఎవరూ చూసి ఎరుగరు.

మా స్టేషన్ రైటర్ దాన్ని రెండుసార్లు చదివాడు. రైటర్ అంటే స్టేషన్లో రాతకోతలన్నీ చూసే హెడ్డు. ఆయనకు తెలియని రూలు లేదు, ఆయన నమ్మిన రూలూ లేదు. ధర్మవరంలో ఇనుము చెక్కే లేత్ మిషన్ మీద పనిచేసే ఒక టర్నరు సీమకు, అంటే తెల్లవాళ్ల దేశానికి, పోవడానికి పాస్‌పోర్టు అడిగాడట. సొంత ఊరు మా స్టేషన్ కిందికి వస్తుంది, సోమందేపల్లి నుంచి పరిగి వైపు రెండు మైళ్లు నడవాలి. మనిషి ఆ ఊరివాడేనా, నడవడిక మంచిదేనా అని ఇరుగుపొరుగును అడగాలి, ఊరి మునసబును అడగాలి, రిపోర్టు రాయాలి.

"ఏమబ్బా, నువ్వు పోయి రా. మధ్యాన్నానికి ఈడుంటావు," అన్నాడు రైటర్ నాతో.

ఎండాకాలం చివరి రోజులు. సోమందేపల్లిలో బస్సు దిగి నడుస్తుంటే దారి కళ్లముందే అలలుగా కదులుతోంది. నేను ఊర్లోకి అడుగు పెట్టేసరికి వీధి ఖాళీ అయింది. అరుగుల మీద చుట్టలు కాలుస్తున్నవాళ్లు లేచి ఎక్కడికి పోయారో తెలియదు, పొగ మాత్రం ఉంది. అందులో వింత లేదు. అంతకుముందు నేను ఆ ఊరికి రెండుసార్లు పోయాను, రెండుసార్లూ సారా కుండలు పగలగొట్టడానికే. ఆ ఊరికొక కట్టుబాటు ఉందని నాకు తర్వాత తెలిసింది. ఖాకీ గుడ్డలు వేసుకున్నవాడు వచ్చి ఎవరి పేరు అడిగినా, ఆ పేరుగల మనిషి తమ ఊర్లో పుట్టనే లేదని చెప్పాలి. ఇది పెద్దలు కూర్చొని చేసిన తీర్మానం కాదు. అక్కడ పిల్లలకు నడకతోపాటే వచ్చే విద్య.

ఒక ఇంటి ముందర, నీడలో, ఒక చిన్న వయసు ఆమె చింతపండు కొడుతూ కూర్చుంది. ఇరవై ఏళ్లుంటాయేమో. నేను టర్నరు పేరు చెప్పి అడిగాను.

"ఏమమ్మా, ఆయన ఇల్లు యాడ?"

"ఆ పేరుగలోళ్లు మా ఊర్లో ఎవురూ లేరు సామీ."

"ధర్మవరంలో లేతు పని చేస్తాడంట గదా?"

"మాకు తెల్దు సామీ. ధర్మవరం యాడుండాదో గూడా మాకు తెల్దు."

ఆ మాట అంటున్నప్పుడు చింతపండు కొట్టే ఆమె చెయ్యి ఆగింది. నేను చూశాను. పోలీసు అన్నవాడు అలాంటిచోటే నిలబడి ఇంకో ప్రశ్న వేయాలి. కానీ నాకు ఆకలిగా ఉంది, చెప్పుల్లోంచి కాళ్లు కాలుతున్నాయి. ఇంకో రెండిళ్ల దగ్గర అడిగితే అదే జవాబు, అవే మాటలు. మునసబు ఇంటికి పోతే, జమాబందీలో ఊరి శిస్తు లెక్కలు చూపించడానికి పెనుకొండకు పోయాడన్నారు. అంటే ఆయన మా స్టేషనుకు కూతవేటు దూరంలో ఉన్నాడు, నేను ఆయన ఊర్లో ఉన్నాను. ఇంకొక రోజు రావాలి. ఇంకొక రోజు ఈ ఎండలో ఎవడొస్తాడు? బస్సులో కునికిపాట్లు పడుతూనే రిపోర్టు అల్లుకున్నాను. సదరు పేరు గల మనిషి ఈ గ్రామంలో లేడని ఇరుగుపొరుగు వారు చెప్పారు, గ్రామ మునసబు కూడా అదే చెప్పారు. ఆ చివరి ముక్క నా సొంతం. స్టేషనుకు పోయి రాసిచ్చేశాను. రైటర్ చదవకుండానే కవరులో పెట్టాడు.

మూడు వారాల తర్వాత, ఒక ఆదివారం, సన్నగా పొడుగ్గా ఉన్న మనిషి స్టేషన్ వరండాలోకి వచ్చి దండం పెట్టాడు. చేతివేళ్ల చివరలు నల్లగా ఉన్నాయి. ఎంత తోమినా పోని మిషన్ నూనె నలుపు అది.

"ధర్మవరం నుంచి వస్తాండా సార్. నా పాస్‌పోర్టు విచారణ మీ స్టేషన్‌కి వచ్చిందంట," అని తన పేరు చెప్పాడు.

లేడని నేను రాసిన మనిషి నా ఎదురుగా చెమట తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు. ఆ క్షణంలోనే చెప్పి ఉంటే ఈ కథ లేదు.

"రిపోర్టు పైకి పోయింది. టైం పడ్తాది," అన్నాను.

"ఎంత పడితే అంత పట్టనీ సార్," అని అతను వరండా మెట్టు మీద కూర్చున్నాడు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం వచ్చేవాడు. ఆదివారం లేత్ షెడ్డుకు సెలవు. పొద్దున రైలుబండికి వచ్చి సాయంత్రం బండికి పోయేవాడు. రిపోర్టు సంగతి ఎక్కువగా అడిగేవాడు కాదు. బెంగుళూరులో తనతోపాటు పని నేర్చుకున్న స్నేహితుడు రెండేళ్ల ముందే సీమకు పోయాడట. అతని ఉత్తరాలు తెచ్చి నాకు చదివి వినిపించేవాడు. ఆ దేశంలో పనివాళ్లు చాలడం లేదట. చేతిపని వచ్చినవాళ్లకు వాళ్ల సర్కారు ఒక అనుమతి చీటీ ఇస్తుందట. దానితో పోయినవాడు పని చేసుకోవచ్చు, కావాలంటే అక్కడే ఉండిపోవచ్చు, పెళ్లాన్ని కూడా పిలిపించుకోవచ్చు. ఆ చీటీ ఇతనికి వచ్చేసింది. నూనెగుడ్డలో చుట్టి, జేబులో పెట్టుకొని తిరిగేవాడు. ఒకనాడు విప్పి చూపించాడు. నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం. అంకెలు తెలుసు. ఆరు నెలల లోపల ఆ దేశంలో అడుగు పెట్టాలని గడువు వేసి ఉంది.

"ఇంగ పాస్‌పోర్టు ఒక్కటే సార్. అది మీ దయ," అన్నాడు.

నేను కొండ వైపు చూశాను.

ఆ ఆదివారాలు ఇప్పుడు తలుచుకుంటే నిద్రలో జరిగినట్టే ఉంటాయి. మధ్యాహ్నం పెనుకొండలో గాలి కూడా నిలబడి నిద్రపోతుంది. రైటర్ లోపల బల్ల మీద తల వాల్చేవాడు. నేను తుపాకి పట్టుకొని పారా కాస్తుంటే, ఆ మనిషి మెట్టు మీద కూర్చొని మెల్లగా చెప్పుకుంటూ పోయేవాడు. "ఆడ పొద్దు తెల్లగా ఉంటాదంట సార్, పాలు నీళ్లు కలిపినట్ల. మన మాదిరి ఎర్రగా కాలదంట." ఇంకొకసారి, "మంచు పడేటప్పుడు సద్దే ఉండదంట సార్. బియ్యపుపిండి జల్లెడ పట్టినట్ల పడతా ఉంటాదంట. తెల్లారి తలుపు తీస్తే ఊరు కనపడదంట." ఆ మిషన్ల గురించి చెప్పేటప్పుడు గొంతు తగ్గించేవాడు. రైలు పెట్టెంత పొడుగు లేతులు, మనిషి వేలు పెట్టి ఒక బొత్తాం నొక్కితే చాలు, ఇనుము వెన్న మాదిరి చుట్టలు చుట్టలుగా రాలుతుందట. ధర్మవరంలో అతను నూనె మిల్లులకూ, ఆయిలింజన్లకూ అరిగిపోయిన ఇరుసులు మాత్రమే చెక్కుతాడు. "ఒక్కసారి అట్లాంటి మిషన్ మింద చెయ్యి పెట్టల్ల సార్. పెట్టినాక ఏమైనా సరే," అనేవాడు.

వింటూ వింటూ నాకు ఆ దేశం అలవాటైపోయింది. శ్రావణంలో కొండ మీద మబ్బు దిగి, కోట గోడలు సగం మాయమైన పొద్దున, నేను సైకిలు దిగి అక్కడే చాలాసేపు నిలబడ్డాను. ఇదేనేమో ఆ దేశం అనుకున్నాను. వేరుశనగ చేల మీద బియ్యపుపిండి పడుతున్నట్టు, నేను ఖాకీ కోటు వేసుకొని ఎవరికీ భయం కలిగించకుండా నడుస్తున్నట్టు కలలు వచ్చేవి. పట్టపగలే వచ్చేవి. మెలకువ వచ్చాక గుర్తొచ్చేది, ఇతన్ని అక్కడికి పోనివ్వకుండా దారికి అడ్డంగా పడుకున్నది నేనే అని. సిగ్గుగా ఉండేది. అయినా ఆదివారం కోసం కాచుకునేవాణ్ణి.

ఒకరోజు ఉండబట్టలేక రైటర్‌కు ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఆయన తమలపాకు ఈనె తీస్తూ విన్నాడు.

"మునసబు చెప్పినాడని రాసినావా? అడక్కుండానే?"

"రాసినా."

"సరిపోయింది. రేయ్ అబ్బీ, హెడ్డు ప్రమోషన్ లిస్టులో నీ పేరుండాది. రెండు నెల్లు నోరు మూసుకో. లేనోణ్ణి ఉండాడని రాస్తే తప్పు. ఉండేవాణ్ణి లేడని రాస్తే ఎవురడుగుతారు? లేనోడు వచ్చి కంప్లయింటు ఇయ్యలేడు గదా!"

ఆయన తర్కానికి నేను నవ్వాను కూడా. దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నాను.

లేనివాడే వచ్చాడు చివరికి. అది ఆదివారం కాదు. చేతిలో ఒక కాగితం ఉంది. మొహం మీద కోపం లేదు, చిన్న నవ్వు ఉంది.

"సార్, నేను మా ఊర్లో లేనంట."

నేను కాగితం తీసుకున్నాను. నివాసం రుజువు కానందున పాస్‌పోర్టు ఇవ్వడం కుదరదని అందులో ఉంది.

"పుట్టినకాడ్నుంచి ఆడే ఉన్నట్టు గ్యాపకం సార్ నాకు," అన్నాడు. "మళ్లా విచారించమని అర్జీ పెట్టుకోవచ్చంట. పెట్టినా. అదీ మీ దగ్గరికే వస్తాది." అలా అని నా మొహంలోకి చూశాడు. అమాయకుడు అనుకున్నాను. చీటీ గడువు ఇంక రెండు నెలలకు తక్కువే ఉంది.

మర్నాడు సెలవు పెట్టి ఆ ఊరికి పోయాను. ఈసారి పంచె, చొక్కా. ఎందుకు పోయానో ఇన్నేళ్ల తర్వాత దాచడం దేనికి? ఆ చింతపండు కొట్టిన ఆమె చేత, భయపడి అబద్ధం చెప్పానని ఒక కాగితం మీద వేలిముద్ర వేయించుకుందామని పోయాను. తప్పంతా ఆమె మీదికి పోతుంది, మునసబు సంగతి ఎవరికీ గుర్తుకు రాదు. అంత మంచివాణ్ణి నేను.

వీధిలో ఎవరూ మాయం కాలేదు. ఒక ముసలాయన ఎదురొచ్చి "ఎవురు కావాలప్పా?" అని అడిగాడు. టర్నరు పేరు చెప్పగానే, చెయ్యి పట్టుకొని తీసుకుపోయి సరిగ్గా అదే ఇంటి ముందర నిలబెట్టాడు. ఆమె చేటలో కొర్రలు చెరుగుతోంది. నన్ను పంచెలో కూడా గుర్తుపట్టింది. చేట కింద పెట్టేసింది.

అప్పుడు తెలిసింది, ఆమె అతని భార్య అని.

"ఆయన ఏం తప్పు చేసినాడు సామీ?" అని అడిగింది.

"ఏమీ లేదమ్మా. సీమకు పోనీకి కాగితం అడిగినాడు. ఊర్లో ఉండాడా లేదా అని కనుక్కునేకి ఆపొద్దు వచ్చినా. నువ్వు లేడంటివి. అందుకే కాగితం ఆగిపోయింది."

సీమ సంగతి ఆమెకు తెలుసు. మొగుడు ఒకటి రెండుసార్లు చెప్పాడు, ఆమె వినీ విననట్టు ఊరుకుంది. ఆ రోజు ఖాకీ నిక్కరు చూడగానే మొగుణ్ణి పట్టుకుపోతారని అన్న మాటే తప్ప, ఆమె మనసులో వేరే ఏమీ లేదు. ఇప్పుడు మెల్లగా అర్థమవుతోంది.

"నేను లేడంటే ఆయన పోనీకి లేదా?"

"లేదు."

"నేనిప్పుడు గమ్మున ఉంటే?"

"గమ్మున ఉంటే... పోలేడు."

కోడి ఒకటి వచ్చి చేటలో గింజలు తినసాగింది. ఆమె దాన్ని అదిలించలేదు. ఆమె గమ్మున ఉంటే మొగుడు దక్కుతాడు. నాకు ప్రమోషన్ దక్కుతుంది. ఆ అరుగు మీద మేమిద్దరం ఒకటే కోరుకుంటూ కూర్చున్నాం, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా.

"పోయినోళ్లు మళ్లా వస్తారా అన్నా?" సామీ పోయి అన్న అయ్యాను.

"కొందరు పెండ్లాన్ని పిలిపించుకుంటారంటమ్మా."

"కొందరు," అంది ఆమె. లోపలికి పోయి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. "తాగి పో అన్నా. నాకేమీ తోచడం లేదు."

వేలిముద్ర అడగడానికి నాకు నోరు రాలేదు. ఖాళీ కాగితంతో వచ్చేశాను.

రెండు ఆదివారాలు గడిచాయి. అతను మామూలుగానే వచ్చాడు, మామూలుగానే ఉత్తరాలు చదివాడు. అక్కడ ఆకులన్నీ ఒకేసారి ఎర్రబడి రాలిపోతాయట, ఊరంతా రాగి రేకు పరిచినట్టు ఉంటుందట. నేను వింటూ రోజులు లెక్కపెట్టుకుంటున్నాను. అతను ఊరి సంగతి అడగలేదు. నేను చెప్పలేదు.

ఆ తర్వాతి బుధవారం సర్కిల్ ఇన్‌స్పెక్టర్ తనిఖీకి వచ్చాడు. పన్ను నొప్పి కారణంగా లవంగం బుగ్గన పెట్టుకొని, మామూలు కన్నా ఎక్కువ మండిపడుతున్నాడు. ఆ సమయానికి మొదటి బస్సు దిగి మునసబు వచ్చాడు. ఆయన వెనకాల, ఉతికిన చీర కట్టుకొని, ఆమె.

పోలీసు స్టేషన్ గడప ఆ ఊరి ఆడమనిషి తనంతట తాను తొక్కడం అంతకుముందు జరగలేదు. రైటర్ కలం ఆగిపోయింది.

"ఏమమ్మా?" అన్నాడు సర్కిల్.

"ఆయన ఉండాడని చెప్పనీకి వచ్చినా సామీ."

"ఎవురు?"

"మా ఇంటాయన. సీమ కాగితం అడిగినాయన."

రైటర్ అర్జీ తీసి ముందు పెట్టాడు. సర్కిల్ చూశాడు. "నీ మొగుని పేరు చెప్పు."

ఆమె తల వంచుకుంది. మా వైపు భార్య మొగుని పేరు పలకదు. పలికితే ఆయుస్సు తగ్గుతుందని. జనాభా లెక్కలవాళ్లు వచ్చినా పక్కింటి ఆమె చేత చెప్పిస్తారు. మునసబు అందుకోబోయాడు. "నేను చెప్తా సార్, ఆమె ఆ పేరు అనకూడదు..."

"వాంగ్మూలం ఎవురిదప్పా? నీదా, ఆమెదా? ఆమె నోట్లోంచి రావాల."

ఆమె కొంగు భుజం చుట్టూ లాక్కుంది. తల ఎత్తింది. పేరు చెప్పింది. మెల్లగా కాదు, బయట వరండాలో ఉన్నవాళ్లు కూడా తిరిగి చూసేలా చెప్పింది. ఇంటిపేరు కలిపి ఇంకొకసారి చెప్పింది. ఆ పేరు ఇక్కడ నేను రాయను. ఆమె నోట విన్న తర్వాత నా చేత్తో రాస్తే అది చిన్నబోతుంది.

"మాది ఆ ఊరే సామీ. ఆయన దొంగ కాదు, తాగుబోతు కాదు. ఆపొద్దు వచ్చిన పోలీసాయనకు లేడని అబద్ధం చెప్పింది నేనే. ఆ అన్న తప్పేమీ లేదు."

నా కోసం ఆమె ఆ చివరి మాట చేర్చింది. ఎవరూ అడగలేదు.

సర్కిల్ పాత రిపోర్టు నకలు తిరగేశాడు. "మునసబు గూడా లేడన్నాడని ఉండాది ఈడ?"

"నన్నెవురూ అడగనే లేదు సార్," అన్నాడు మునసబు. "ఆపొద్దు నేను ఈ పెనుకొండలోనే ఉన్నా, జమాబందీలో."

అందరూ నన్ను చూశారు. రైటర్ కనుసైగ చేశాడు: మునసబుకు జ్ఞాపకం లేదను, చాలు. అనొచ్చు కూడా. మునసబు మాట ఒకటి, నా మాట ఒకటి, మధ్యలో రుజువు ఏముంది? కానీ పుట్టాక ఎన్నడూ అనని పేరు ఆమె అందరి ముందర అనేసింది. నేను అనాల్సింది దానికన్నా చిన్న మాట.

"అడగలేదు సార్," అన్నాను. "అడిగినట్టు రాసినా."

సర్కిల్ లవంగాన్ని ఆ బుగ్గ నుంచి ఈ బుగ్గకు మార్చుకున్నాడు. తర్వాత తిట్టిన తిట్లు ఆమె ముందర తిట్టదగినవి కావు, అయినా తిట్టాడు. లిస్టులోంచి నా పేరు పోయింది. రెండేళ్లు ఇంక్రిమెంటు ఆగింది. కొన్నాళ్లకు కన్నడ సరిహద్దు దగ్గరి రొళ్లకు బదిలీ చేశారు. అక్కడ సగం కేసులు కన్నడంలో ఉండేవి, ఆ భాష నేర్చుకోవడం శిక్షలో భాగం అనుకుంటాను. కానీ ఆ రోజే కొత్త రిపోర్టు రాయించి, కవరు మీద సీలు వేసి, నా చేతికిచ్చాడు సర్కిల్. "టపాలో వేస్తే వారం. నువ్వే తీసుకొనిపో అనంతపురం. ఈ బండికే పో." ఆ మనిషిని నేను ఇప్పటికీ తిట్టుకోలేను.

చీటీ గడువుకు ఇరవై రెండు రోజులుండగా పాస్‌పోర్టు చేతికొచ్చింది. బొంబాయి నుంచి ఓడ ప్రయాణమే పద్దెనిమిది రోజులు. తర్వాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను, మీరు ఆదుర్దా పడకుండా. అతను గడువుకు రెండు రోజుల ముందు ఆ నేల మీద అడుగు పెట్టాడు. మూడేళ్లకు ఆమెను పిలిపించుకున్నాడు. ఆ కొందరిలో ఒకడయ్యాడు. అయితే నేను చెప్పదలచుకున్నది అది కాదు, అతను బండెక్కిన రోజు.

ఆమెకు తోడుగా ధర్మవరం దాకా నన్నే పొమ్మన్నాడు మునసబు. "ఏమప్పా, నువ్వు చెడగొట్టిన పని, నువ్వే దగ్గరుండి సాగనంపు," అన్నాడు. పెనుకొండలో బండెక్కాం. ఆమె కిటికీ దగ్గర కూర్చుంది. చాలాసేపు బయటికి చూస్తూ ఉండి, ధర్మవరం దగ్గర పడుతుండగా నా వైపు తిరిగింది.

"అన్నా, లేడన్నది నేనని ఆయనకు చెప్పొద్దు. అంత దూరం పోతాండాడు. మనసులో ఆ మాట పెట్టుకొని పోకూడదు."

చెప్పనని మాటిచ్చాను.

ప్లాట్‌ఫారం మీద అతను కొత్త కోటు వేసుకొని ఉన్నాడు. ధర్మవరం దర్జీకి చలి దేశం కొలతలు తెలియవు. కోటులో ఇంకొకడికి కూడా చోటుంది. భార్యతో కాసేపు మాట్లాడి, గుంతకల్లు బండి వచ్చే వేళకు నన్ను పక్కకు, ఇంజన్లకు నీళ్లు పట్టే గొట్టం దగ్గరికి పిలుచుకుపోయాడు.

"సార్, ఒక మాట. లేడని చెప్పింది మా ఇంట్లో ఆమేనని నాకు మొదుట్నుంచీ తెలుసు."

నేను వెనక్కి తిరిగి ఆమె వైపు చూశాను.

"మీరొచ్చి పోయిన వారానికే ఊరికి పోయింటి సార్. ఊరంతా నవ్వుకుంటా చెప్పినారు. పోలీసోనికి బాగా చెప్పింది నీ పెండ్లాము అని."

"అంటే మొదటి ఆదివారం నా దగ్గరికి వచ్చేటప్పటికే..."

"తెలిసే వచ్చినా."

"మరి ఎందుకు అడగలేదప్పా? నన్ను నిలదీయొచ్చు గదా! ఆమెనైనా అడగొచ్చు గదా!"

అతను గొట్టం మీద చెయ్యి పెట్టి, దాని మరలు వేలితో తడుముతూ చెప్పాడు. "నేనడిగితే ఆమె ఏడ్చి, నా మాట కాదనలేక వచ్చి వేలిముద్ర ఏస్తాది సార్. నాకు అది వద్దు. భయానికి లేడనింది, సరే. భయం పోయినాక గూడా లేడనాలనిపిస్తే, నేను పోకుండా ఉండిపోదామనుకున్నా. ఆమెంతట ఆమె వచ్చి ఉండాడంటే పోదాం అనుకున్నా. మీ సర్కారు ముద్ర తర్వాత సార్."

"గడువు దాటిపోయింటే?"

"దాటిపోయింటే దాటిపోయిండేది. ఎవురో ఒకరు పోయి ఆమెకు సంగతి చెప్పల్ల. నేను చెప్పకూడదు. మీరు పోతారని ప్రతి ఆదివారం వచ్చి కూర్చుంటాంటి. ఆ దేశం మీకూ కొంచెం కనపడితే పోతారని." కొంచెం నవ్వాడు. "పోగా పోగా మీకు చెప్తాంటే నాకే బాగుండె సార్. అది మాత్రం నిజం."

నాకు ఆ క్షణంలో కోపం వచ్చిందో, కన్నీళ్లు వచ్చాయో చెప్పలేను. ఎండలో నేను కన్న కలలన్నీ ఈ మనిషి వారం వారం తెచ్చి నా ముందర పెట్టినవి. ఆరు నెలలు నేను ఇతణ్ణి విచారిస్తున్నాననుకున్నాను. విచారణ జరిగింది నా మీద.

బండి కూత వినిపించింది. అతను నా చెయ్యి పట్టుకున్నాడు. "నాకు తెలుసని ఆమెకు మాత్రం చెప్పొద్దు సార్. పాపం, దాచిపెట్టినాననుకుంటాంది. అట్లే ఉండనీండి."

బండి కదిలింది. కోటు చెయ్యి కిటికీలోంచి చాలాదూరం దాకా కనపడింది. అది కూడా పోయాక ఆమె పట్టాల మీదినుంచి చూపు తిప్పకుండానే అడిగింది.

"అంతసేపు ఏమంటాండె అన్నా ఆయన?"

"ఏమీ లేదమ్మా. ఆడ చలి ఎక్కువంట. దాని గురించే."

"అంతేనా?"

"అంతే."

ఆమె తల ఊపింది. మూట విప్పి, అతని కోసం తెచ్చి ఇవ్వడం మరిచిపోయిన చిత్రాన్నం సగం నాకు పెట్టింది. పెనుకొండ బండి వచ్చేదాకా ఇద్దరం తింటూ కూర్చున్నాం. నా ఉద్యోగంలో నేనిచ్చిన రెండో తప్పుడు రిపోర్టు అది. దానికి మాత్రం ఎవరూ ఇంక్రిమెంటు ఆపలేదు.